సునంద కూర్చున్న రెండు కుర్చీలు

కోర్టు మానేశాక మధ్యాహ్నాలు మరీ పొడవుగా ఉంటాయని మా సీనియర్లు చెప్పేవారు. అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు చేతిలో కేసు లేదు, ఎదుట క్లయింటు లేడు. పోనీ కూరగాయలామెతో బేరమాడదామంటే, నేను గడప దాటడం చూడగానే ఆమె బుట్ట నెత్తికెత్తుకుని పక్క వీధికి పోతోంది. అందుకని ఇది రాస్తున్నాను. కొత్త నల్లకోటు వేసుకుని నంద్యాల కోర్టు వరండాలో ఎవరైనా పిలుస్తారేమోనని నిలబడే పిల్లల కోసం.

నేను గెలిచిన కేసుల గురించి రాయను. వాటిని నా క్లయింట్లు నాకంటే బాగా చెప్పుకుంటారు. ఓడినవాటిని మా ఇంటావిడ చెబుతుంది. ఒక్క కేసు గురించి రాస్తాను. అందులో నేను వకీలును కూడా కాదు. ఒక జడ్జి కుర్చీ గురించిన కేసు అది. నా వృత్తి మీద నాకున్న నమ్మకమంతా ఆ ఒక్కదానితోనే తీరిపోయింది.

*వరండా వకీలు*

మాది ఆళ్ళగడ్డ. మా నాయన బెల్లం, చింతపండు అమ్మేవాడు. మా ఇళ్ళలో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. "వచ్చినోడు ఉత్త చేతుల్తో పోగూడదురా. కొననన్నోనికి గూడా చిటికెడు బెల్లం పెట్టి పంపు. ఆ తీపి వాన్ని మళ్ళా తెస్తాది" అనేవాడు మా నాయన. నేను లా కాలేజీలో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. నిజం చెప్పాలంటే మొదటిదానితో నాకు పెద్దగా అవసరం పడలేదు.

నంద్యాలలో నేను చేరిన సీనియరుది పెద్ద భూస్వామి కుటుంబం. ఆయన వాదిస్తుంటే ఎదుటిపక్షం సాక్షి కూడా తల ఊపేవాడు. నన్ను రెండు నెలలు గమనించి ఒకరోజు పిలిచాడు.

"శెట్టీ, నీకు చట్టం వచ్చేది కష్టమప్పా."

"మరి నన్ను పొమ్మంటారా సార్?"

"పొమ్మనలేదు. లోపల నేను మాట్లాడతా. నువ్వు వరండాలో మాట్లాడు."

అలా నేను వరండా వకీలునయ్యాను. లోపల ఆయన చట్టం చదువుతుంటే, బయట నేను ఇరుపక్షాలనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి రాజీ కుదిర్చేవాణ్ణి. సున్నిపెంటలో ఒక టీ కొట్టు మీద ఇద్దరు తోడల్లుళ్ళు కొట్లాడుకుని మా దగ్గరికి వచ్చారు. పొయ్యి ఎవరిది అన్నది తగాదా. పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు వెలిగించుకోండని చెప్పాను. పాలు పోసేవాడు ఒక్కడే కాబట్టి వాడే సాక్షి. ఆ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. ఆ కేసు కోర్టులోనే ఉండి ఉంటే ఈపాటికి తోడల్లుళ్ళ మనవళ్ళు వాయిదాలకు తిరుగుతుండేవారు.

దీన్నిబట్టి నేను ఒక సిద్ధాంతం కట్టుకున్నాను. ప్రతి తగాదాకూ ఒక ధర ఉంటుంది. అది రూపాయల్లోనే ఉండనక్కరలేదు. ఒకడికి మర్యాద కావాలి, ఒకడికి ఎదుటివాడు ముందు పలకరించాలి. ఆ ధర కనిపెట్టినవాడే వకీలు. ఈ సిద్ధాంతంతో నలభై ఏళ్ళు తిన్నాను. అది అబద్ధమని సునంద కేసులో తెలిసింది.

*బేరం రాని పిల్ల*

సునంద తండ్రికి ఆళ్ళగడ్డ మెయిన్ రోడ్డు మీద ఎరువులు, విత్తనాల అంగడి ఉండేది. మాకు దూరపు బంధువు. కూతురు కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, తర్వాత లా చదివింది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైన వారంలో ఆయనే స్వయంగా ఆమెను నా ఆఫీసుకు తీసుకొచ్చాడు.

"అన్నా, దీనికి బేరం రాదు. అంగట్లో కూచోబెడితే ఉన్న ధర చెప్పేసి ఊరుకుంటాది. కోర్టుకన్నా పనికొస్తాదేమో చూడు."

తండ్రి వెనక నిలబడి ఆ అమ్మాయి నవ్వలేదు, నొచ్చుకోలేదు. నిజమే కదా అన్నట్టు చూసింది.

నాలుగు రోజులకే తెలిసింది, తండ్రి తగ్గించి చెప్పాడని. పొలం గట్టు తగాదాతో ఒక పెద్దరైతు వచ్చాడు. నేను కోర్టులో ఉన్నాను. సునంద కొలతల కాగితాలు చూసి, "పెద్దాయనా, తప్పు మీదే. నాలుగు సాళ్ళు అవతలికి జరిగి దున్నుకున్నారు" అని చెప్పేసింది. ఆ పెద్దమనిషి నేను వచ్చేదాకా గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"ఏంది శెట్టీ, ఈడ జడ్జిని పెట్టుకున్యావా? మాకు వకీలు కావల్ల."

ఆయన కోపంగా అన్నాడు. నాకు మాత్రం ఆ మాట మనసులో నిలిచిపోయింది. సునంద వకీలుగా పనికిరాదని కాదు. ఎదుటివాళ్ళ దావా మా దావాకంటే శ్రద్ధగా చదివేది. మా సాక్షి అబద్ధమాడబోతున్నాడని తోస్తే ముందే వాణ్ణి ఇంటికి పంపేసేది. "మన కేసులో బలం లేదు సార్" అని నా మొహం మీదే చెప్పేది. ఇలాంటి మనిషి వరండాలో ఉంటే రాజీలు కుదరవు. బల్లకు ఆ వైపున కూర్చోవాలి.

ఏళ్ళు గడిచాక నేనే అన్నాను. "అమ్మా, నువ్వు నా కడుపు కొట్టేలోపు ఆ జిల్లా జడ్జి పరీక్ష రాసేయ్."

*మెయిన్ రోడ్డు మీద బోర్డు*

ఈ సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి. కేసంతా ఇక్కడే ఉంది.

సునంద నా దగ్గర చేరిన మూడో ఏడు వానాకాలంలో, అంగట్లో బస్తాలు దింపిస్తూనే ఆమె తండ్రి పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. తమ్ముడు గిరి అంగడి అందుకున్నాడు. గిరి చురుకైనవాడే, కానీ ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయింది. ఎరువులు, పురుగుమందులు అమ్మే లైసెన్సు కొత్తగా తీసుకోవాలంటే కెమిస్ట్రీయో వ్యవసాయమో చదివి ఉండాలని నియమం వచ్చి ఉంది. ఇంట్లో కెమిస్ట్రీ చదివింది సునంద ఒక్కతే. లైసెన్సుకు ఆమె పేరుతో దరఖాస్తు పెట్టారు. ఆమె సంతకం చేసింది. పదకొండో రోజు ముగిసి ఇంట్లో చుట్టాలు ఇంకా కదలని సమయం. ఏ సంతకం ఎందుకో ఎవరూ చర్చ పెట్టుకోలేదు.

వకీలుగా ఉన్న మనిషి వ్యాపారం చేయకూడదని బార్ కౌన్సిల్ నియమం ఒకటుంది. పరీక్షకు ముందురాత్రి ప్రతి లా విద్యార్థీ దాన్ని చదువుతాడు. సునంద చదివింది, నేనూ చదివాను. అయినా మా ఇద్దరికీ అది గుర్తు రాలేదు. మరిచిపోయామని కాదు. మా వాళ్ళ లెక్కలో అంగడి వ్యాపారం కాదు. అది ఇంటి ముందు గది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీది గిన్నె దించినదాన్ని వంటమనిషి అంటామా? తమ్ముడు భోజనానికి పోతే కాసేపు గల్లా దగ్గర కూర్చున్నదాన్ని వ్యాపారి అనాలని మాలో ఎవరికీ తోచదు. వేరే కులంలో పుట్టిన వకీలైతే ఆ దరఖాస్తు చూడగానే ఉలిక్కిపడేవాడు. అంగట్లో పుట్టడం వల్లనే ఇద్దరు వకీళ్ళకు కళ్ళు కనపడలేదు.

గిరి అంగడికి కొత్త బోర్డు పెట్టించాడు. పసుపు మీద ఎర్ర అక్షరాలు. అంగడి పేరు కింద, 'ప్రొ: బి. సునంద, బి.ఎస్సీ., ఎల్‌ఎల్‌.బి.'

"ఎరువులకూ ఎల్‌ఎల్‌బీకీ ఏందిరా సంబంధం?" అని అడిగాను.

"ఉండాది పెదనాయనా. కల్తీ విత్తనాలు అంటగట్టే కంపెనీవోడు ఆ అక్షరాలు చూసి మన అంగడి దాటి పోతాడు."

"అయితే ఇంగా పెద్దగా రాయించాల్సింది" అన్నాను.

నేను ఆ మాట నవ్వులాటకు అనలేదు. తెలివైన పని అనే అనుకున్నాను. ఆళ్ళగడ్డ జడ్జిలు, వకీళ్ళు, గుమాస్తాలు ఏళ్ళ తరబడి ఆ బోర్డు కిందుగా కోర్టుకు పోయి వచ్చారు. ఒక్కరూ ఏమీ అనలేదు. మా బార్ అధ్యక్షుడైతే తన తోటకు వేపపిండి అక్కడే కొనేవాడు.

ఇంకొకటుంది. మాలో దీపావళి నాడు లక్ష్మీపూజ అయ్యాక ఇంటి ఆడపిల్ల గల్లా దగ్గర కూర్చుని మొదటి బోణీ చేయాలి. ఏడాదంతా బాగుంటుందని. సునంద కోర్టు నుంచి వచ్చి, చీర మార్చుకుని, కూర్చుని ఒక చిన్న విత్తనాల పొట్లం అమ్మి లేచేది. గిరి ఏటా ఫోటో తీసేవాడు.

*గవర్నరు ఉత్తర్వు*

జిల్లా జడ్జిని నియమించేది గవర్నరు. హైకోర్టు పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, పేర్లు పంపితే ఆయన పేరుతో ఉత్తర్వు వస్తుంది. బార్ నుంచి నేరుగా పోవాలంటే ఏడేళ్ళకు తక్కువ కాకుండా వకీలై ఉండాలి. సునంద నమోదై పదేళ్ళు దాటింది. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది, వకీలు వృత్తి కాకుండా ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేశారా అని. 'లేదు' అని రాసింది. అబద్ధమాడటం చేతకాని మనిషి కాబట్టే ఆ మాట అంత తేలిగ్గా రాసింది.

ఉత్తర్వు వచ్చిన రోజు గిరి అంగడి ముందు రోడ్డున పోయే ప్రతివాడికీ మైసూర్‌పాకు పెట్టాడు. వాళ్ళమ్మ మహానందికి పోయి వచ్చింది. నేను కూడా రెండు ముక్కలు తిన్నాను, షుగరుందని తెలిసి. మా ఆళ్ళగడ్డ అంగళ్ళ నుంచి జిల్లా జడ్జి కుర్చీకి వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి లేరు.

ఆ సాయంత్రం గిరి ఒక పని చేశాడు. అక్క మీద ప్రేమ తప్ప అందులో ఇంకేమీ లేదు. పాత దీపావళి ఫోటో ఒకటి తీసి, గల్లా వెనక అక్క, ఆమె తల మీద ఆ బోర్డు, అన్నీ కనపడేది, ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కింద రాశాడు: 'నిన్న ఎరువుల అంగడి ఓనరు. నేడు జిల్లా జడ్జి. మా అక్క.'

ఊరంతా లైకులు కొట్టింది. నేనూ కొట్టాను.

*అమ్మకానికి లేని సరుకు*

ఎంపిక జాబితాలో సునంద తర్వాత పేరు చంద్రశేఖర్‌ది. నంద్యాల వకీలు, రైతు కుటుంబం. మంచి చదువరి. ఆ ఫోటో అతనూ చూశాడు. కొన్ని వారాలకు హైకోర్టులో అధికార పృచ్ఛ పిటిషన్ వేశాడు. 'ఏ అధికారంతో నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నావు?' అని అడగడమే దాని సారాంశం. లైసెన్సు ఆమె పేరు మీద ఉన్న ఏళ్ళు తీసేస్తే, వకీలుగా ఆమెకు ఏడేళ్ళు లేవు. ఏడేళ్ళు లేనివాళ్ళను గవర్నరు నియమించినా చెల్లదు. ఇదీ అతని వాదన.

నాకు తెలిసిన పని ఒక్కటే. బేరానికి వెళ్ళాను. కోర్టు ఎదురుగా టీ కొట్టులో అతన్ని కూర్చోబెట్టాను.

"ఏం శెట్టన్నా, సరుకు తెచ్చినావా?" అన్నాడు నవ్వుతూ.

"తెచ్చినా. పిటిషన్ వాపసు తీసుకో. వచ్చే నోటిఫికేషన్‌కు నువ్వే వస్తావ్. బార్‌లో అందరం నీ వెనకాల నిలబడతాం."

"వచ్చే నోటిఫికేషన్‌కు నా వయసు దాటిపోతాదన్నా. నాకు ఇదే ఆఖరిది."

"అయితే బార్ అధ్యక్ష పదవి తీసుకో. నేను మాట్లాడతా అందరితో."

"ఆ కుర్చీ విరిగి రెండేండ్లయింది. కాళ్ళకు ఇటుకలు పెట్టినారు. నాకొద్దు."

"మరి నీకేం కావల్ల చెప్పు. ధర లేకుండా ఏదీ ఉండదప్పా."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. నవ్వు పోయింది.

"నేను చదివినా అన్నా. పొలం అమ్మి, కోచింగుకు పోయి, పెండ్లాం పుట్టింట్లో ఉంటే ఒక్కణ్ణే గదిలో కూచుని చదివినా. ఆయమ్మ మంచిదే, నాకు తెలుసు. కానీ రూలు రూలే గదా. ఆయమ్మ చోట నేనుండి, నా పేరు మీద అంగడి ఉంటే, మీరంతా ఊరుకునేవాళ్ళా?"

నేను లేచాను. ఊరుకునేవాళ్ళం కాదు. బయటికి వస్తుంటే, "టీ నేనే తాగించినా, గుర్తుపెట్టుకో" అన్నాడు వెనకనుంచి. ఉత్త చేతులతో నన్ను పంపిన మొదటి మనిషి అతనే. కనీసం టీ అన్నా ఇచ్చాడు.

తర్వాత సునంద దగ్గరికి వెళ్ళాను. ఆమె అప్పటికే నల్లమల అవతలి జిల్లాలో అదనపు జిల్లా జడ్జిగా కూర్చుంటోంది. సెలవుకు ఆళ్ళగడ్డ వచ్చినప్పుడు వాళ్ళింట్లో కలిశాను. గిరి, వాళ్ళమ్మ కూడా ఉన్నారు. నా పథకం చెప్పాను. లైసెన్సు దరఖాస్తు మీద సంతకం గిరే చేశాడని, అక్కకు తెలియకుండా పెట్టాడని అతను అఫిడవిట్ ఇవ్వాలి. బోర్డు కూడా అతని తెలివితక్కువతనమే. వ్యవసాయ శాఖ వాళ్ళు వాడి మీద కేసు పెడితే, దాన్ని నేను చూసుకుంటాను. అంతకంటే పెద్దవి వరండాలో తేల్చాను.

గిరి వెంటనే, "నేను చెప్తా పెదనాయనా. ఏం రాయమంటే అది రాసిస్తా" అన్నాడు.

సునంద అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

"మా తమ్మున్ని దొంగను చేసి, నేను దొంగలకు శిక్షలెయ్యల్లనా సార్?"

"అమ్మా, ఇది తాత్కాలికం. కుర్చీ నిలవాల గదా."

"ఆ సంతకం నాది. నేను చూసే పెట్టినా. పొద్దున నా ముందర ఎవరన్నా ఇట్లాంటి అఫిడవిట్ వేస్తే, జైలుకు పంపుతా."

వాళ్ళమ్మ పెరుగు గిన్నె కింద పెట్టింది. "వాళ్ళ నాయన దీనికి బేరం రాదనేవాడు. నేర్పించకపోయినాడు" అంది, ఎవరితోనూ కాకుండా.

పిల్లలూ, ఇక్కడ నేను మీకు నీతి చెప్పాలి. చెప్పలేను. ఆ సలహా ఇచ్చినందుకు నేను సిగ్గుపడటం లేదు. ఇవాళ అదే పరిస్థితి వస్తే అదే సలహా ఇస్తాను. ఆమె చేసిందే సరైనదని కూడా నాకు తెలుసు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయో తెలియడం లేదు. ఈ వృత్తి నన్ను అలా తయారుచేసింది. మిమ్మల్నీ చేస్తుంది.

*హైకోర్టులో*

పిటిషన్ తేలడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ సునంద ఆ కుర్చీలో కూర్చుని తీర్పులిచ్చింది. ఒక్కొక్క వాయిదాకూ నేను బెజవాడ వైపు బస్సెక్కి వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. లోపల కూర్చోవడం నాకు అలవాటు లేదు, నడుము పట్టేసేది.

సునంద తరఫు వకీలు బాగానే వాదించాడు. తండ్రి నుంచి వచ్చిన కుటుంబ వ్యాపారంలో వకీలుకు వాటా ఉండొచ్చు, స్వయంగా నడపకూడదంతే, నడిపింది తమ్ముడు అన్నాడు. నియమం తప్పినా అది బార్ కౌన్సిల్ చూసుకోవాల్సిన తప్పు, అంతమాత్రాన ఆమె వకీలు కాకుండా పోదు అన్నాడు. నాకు చట్టం రాదని మా సీనియరు అన్నాడు గానీ, ఆ వాదన గట్టిదని నాకూ తెలిసింది.

అప్పుడు బెంచి మీది పెద్ద జడ్జి ఫోటో కాగితం పైకెత్తి పట్టుకుని, ఎంతో మామూలుగా అడిగాడు. "ఆవిడ వ్యాపారంలో లేరంటున్నారు. మరి ఎరువుల దుకాణం బోర్డు మీద ఎల్‌ఎల్‌బీ ఎందుకండీ?"

సునంద వకీలు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నాకు జవాబు తెలుసు. కంపెనీవోడు భయపడాలని. ఆ జవాబు ఆళ్ళగడ్డ మెయిన్ రోడ్డు మీద ఎవరికి చెప్పినా అర్థమవుతుంది, అవునంటారు. ఆ హాల్లో చెబితే నేరం ఒప్పుకున్నట్టవుతుంది. నేను తల దించుకున్నాను.

తీర్పు ఎవరినీ తిట్టలేదు. అదే ఎక్కువ బాధించింది. లైసెన్సు వారసత్వంగా రాలేదు, ఆమె సొంత దరఖాస్తు మీద కొత్తగా వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి ముందు యజమానిగా ఆమే సంతకం చేసింది. జడ్జి పదవి దరఖాస్తులో మాత్రం 'లేదు' అని రాసింది. కాబట్టి అర్హత లేదు, నియామకం చెల్లదు. ఆమె నిజాయితీని శంకించడం లేదని కూడా ఒక వాక్యం రాశారు. ఢిల్లీలో సుప్రీంకోర్టుకు పోతే అప్పీలు ఒక్క నిమిషమే నిలబడింది.

మరి ఆ చోటు చంద్రశేఖర్‌కు వచ్చిందా అంటే, రాలేదు. అప్పటికి ఆ జాబితా గడువు తీరిపోయింది. ఖాళీని తర్వాతి నోటిఫికేషన్‌లో కలిపేశారు. అతనికి వయసు దాటిపోయింది. ఇద్దరినీ పంక్తిలో కూర్చోబెట్టి, ఎవరు ముందు తినాలో వాళ్ళు తేల్చుకునేలోపు ఆకులు ఎత్తేశారు. ఆ తర్వాత ఒకసారి నంద్యాల బస్టాండులో చంద్రశేఖర్ కనిపించాడు. "అన్నా, ఆ పొద్దు నీ బేరానికి ఒప్పుకునింటే బాగుండు" అన్నాడు. దేనికి బాగుండేదో ఇద్దరికీ తెలియలేదు. టీ తాగుదామని కూడా ఎవరూ అనలేదు.

*జడ్జి కాని జడ్జి*

తీర్పు పేపర్లో వచ్చిన కొద్ది రోజులకు గడివేముల నుంచి ఓబులేసు అనే ముసలి రైతు, సునంద నా జూనియరని విని, నా ఇంటికి వచ్చాడు. కొడుకు లారీ మీద పోతూ, నల్లమల అవతల ఒక డాబాలో జరిగిన గొడవలో ఒకణ్ణి పొడిచాడు. ఆ కేసు విని శిక్ష వేసింది సునంద.

"వకీలన్నా, ఆయమ్మ జడ్జే కాదన్యారంట గదా."

"అవును."

"అయితే నా కొడుకు బయటికొస్తాడు గదా."

ఆయన మొహంలో ఆశ చూశాక నాకు లోపలికి పోయి తలుపు వేసుకోవాలనిపించింది. నియామకం చెల్లకపోయినా, ఆ కుర్చీలో కూర్చుని ఇచ్చిన తీర్పులు చెల్లుతాయి. చట్టం అలా ఉంది. ఉండక తప్పదు కూడా. లేకపోతే ఆ రెండేళ్ళలో ఆస్తులు పంచుకున్నవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు అందరూ మొదటికి రావాలి. ఆయనకు నా భాషలో చెప్పాను.

"చూడు ఓబులేసూ. తూకం వేసినోనికి లైసెన్సు లేదని తర్వాత తెలిసిందనుకో. తిన్నోళ్ళను బియ్యం కక్కమంటారా?"

ఆయన భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తిన్నోళ్ళు కక్కొద్దులే అన్నా. నా కొడుకు ఇంగా తింటానే ఉండాడు గదా."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆయమ్మనే అడుగుతా. యాడుంటాది?"

*బోర్డు కింద*

నేనూ ఆయనతో ఆళ్ళగడ్డ వెళ్ళాను. దారి చూపడానికని చెప్పుకున్నాను గానీ, తీర్పు వచ్చాక సునందను చూడటానికి ఒక్కణ్ణే వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

బోర్డు అలాగే ఉంది. తీర్పు వచ్చిన రోజే గిరి నిచ్చెన వేసుకుని దాన్ని పీకేశాడట. మరునాడు సునందే మళ్ళీ పెట్టించిందట. గల్లా వెనక ఆమే కూర్చుని ఉంది, నూలు చీరలో, యూరియా బస్తాల మధ్య. గిరి నన్ను చూసి లోపలి గోడౌనులోకి తప్పుకున్నాడు.

ఓబులేసు చెప్పులు బయట విడిచాడు. లోపల రైతులు కూర్చునే స్టూలు ఉంది. దాని పక్కనే, కోర్టులో నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూచోప్పా" అంది సునంద.

"వద్దులేమ్మా."

ఆమెకు కేసు మొత్తం గుర్తుంది. డాబా పేరు, సాక్షుల పేర్లు, కొడుకు ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు.

"నీ కొడుకు పొడిచినాడు. అది నిజం. ఎందుకు పొడిచినాడో కూడా రాసినా, అందుకే శిక్ష తగ్గించినా. నేను జడ్జిని కాదని అప్పీలుకు పోవద్దు, కొట్టేస్తారు. శిక్ష ఎక్కువైందని పో. వినేవాళ్ళు ఉంటే వింటారు."

"నువ్వు తప్పు చేసింటావా తల్లీ?"

"చేసింటే పైవాళ్ళు దిద్దుతారు. చేసినానని నేననుకోలేదు."

ఆయన తల ఊపాడు. నేను నలభై ఏళ్ళలో క్లయింట్లకు ఇచ్చిన ఏ ధైర్యంతోనూ వాళ్ళు అంత నెమ్మదిగా వెనుదిరగలేదు. ఆయనకు కొడుకు దక్కలేదు. ఉన్న ధర మాత్రం తెలిసింది. చెప్పులు వేసుకుని, రోడ్డు దాటేముందు ఒకసారి వెనక్కి తిరిగి దండం పెట్టి పోయాడు.

నేను స్టూలు మీద కూర్చున్నాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. మీరు వకీలు సనదు తీసుకున్న రోజునే మీ పేరుతో ఇంట్లో ఏమేమున్నాయో వెతుక్కోమని కొత్త పిల్లలకు చెప్పాలి, లైసెన్సులు, వాటాలు, బోర్డులు. వెతికి తీసేసుకున్నా, మీకు తెలియని ఇంకొక నియమం ఎక్కడో మీ కోసం కూర్చుని ఉంటుందని కూడా చెప్పాలి. సునందకు మాత్రం ఒక్కటే చెప్పగలిగాను.

"లైసెన్సు గిరి పెండ్లాం పేరుకు మార్పించు. ఆ పిల్ల బి.ఎస్సీ.నే గదా. నువ్వు ఆఫీసుకు రా. నా గది ఖాళీగా ఉండాది. బార్ కౌన్సిల్‌తో నేను మాట్లాడతా. ఏదో ఒకటి కుదురుతాది."

అది నా ఆఖరి బేరం. ఆమె వింది. మా నాయన చింతపండు తూచేటప్పుడు ముల్లు ఆగేదాకా చూసినట్టు, నా మొహం వైపు చూసింది.

"ఆ పొద్దు నేను ఈ అంగడి ఓనర్ని కాదు సార్. తమ్ముడు నడిపినాడు. నేను వకీల్ని. మీకు తెలుసు, ఊరందరికీ తెలుసు."

"తెలుసమ్మా."

"హైకోర్టు కాదనింది. ఓనరువే అనింది. తీర్పు అందరికీ ఒకటే గదా. ఓబులేసు కొడుకు తీర్పు ప్రకారం లోపల ఉండాడు. నేను తీర్పు ప్రకారం ఈడ కూచున్యా."

ఆమె గొంతులో ఎగతాళి వెతికాను. ఉంటే పట్టుకుని బేరం సాగించేవాణ్ణి. లేదు.

అంతలో సైకిలు మీద ఒక రైతు వచ్చి గడపలో నిలబడ్డాడు. పొద్దుతిరుగుడు విత్తనాల ధర అడిగాడు. సునంద చెప్పింది. అతను తగ్గించమన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. నేను లేచి, అతను కూర్చోవడానికి స్టూలు ఖాళీ చేశాను.